చుక్కలు లేని పొయ్యి

పోయిన వారం భాగంలో మామగారిని చెవుల ఆసుపత్రి మెట్ల మీద నిలబెట్టి వచ్చేశాం. కుడిచెవి వెనక చిక్కుడుగింజంత మిషన్, మొహం నిండా బెదురు, పక్కన కాగితాల సంచీతో కోడలు. జ్ఞాపకశక్తి పరీక్షలో ముప్పైకి పదకొండు తెచ్చుకున్న ఆ పెద్దమనిషికి సోమవారం మళ్ళీ పరీక్ష పెట్టడానికి పెద్ద డాక్టరు ఒప్పుకున్నాడు. మొదటిసారి ప్రశ్నలు అడిగినావిడ మూతికి మాస్కు పెట్టుకుని అడిగిందని, పెదవులు కనపడకపోతే ఈయనకు ఒక్క ముక్కా అందదని చెవుల డాక్టరమ్మ గట్టిగా చెప్పబట్టి సరిపోయింది. ఆ పరీక్ష అయ్యేదాకా నాన్నను ఎక్కడికీ పంపనని కోడలికి ఆమె భర్త మాటిచ్చాడు. ఎక్కడికో మీకు తెలుసు. ఊరి చివర, మతి తప్పుతున్న పెద్దవాళ్ళను ఉంచుకుని చూసే కేంద్రానికి. అక్కడ గది చూసి రావడం కూడా అయిపోయింది.

ఇవాళ శుక్రవారం. వాళ్ళిద్దరూ ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం మూడు కావస్తోంది. మెట్లెక్కుతూ సగంలో మామగారు టక్కున ఆగిపోయారు.

"ఎవరమ్మాయ్, వెనకాలే వస్తున్నారు?"

"ఎవరూ లేరు మామయ్యా. అవి మీ చెప్పులే."

ఆయన ఒక మెట్టు ఎక్కి ఆగారు. మళ్ళీ ఎక్కి ఆగారు. తన నడక తనకే వినపడటం ఎన్నేళ్ళ తరవాతో లెక్క తేలక, మిగతా మెట్లన్నీ కావాలనే చెప్పులు ఈడ్చుకుంటూ ఎక్కారు. లోపలికి రాగానే ఫ్యాను కింద నిలబడి తల పైకెత్తారు.

"బేరింగ్ ఎండిపోయింది. ఎన్నాళ్ళనుంచి ఏడుస్తోందిది? ఇంట్లో ఇంతమంది చెవులున్నవాళ్ళు ఉండి ఒక్కరూ చెప్పలేదేం?"

కోడలికి నవ్వొచ్చింది. వంటింట్లోంచి అత్తగారు కూడా నవ్వారు. ఆ నవ్వు ఆయనకు వినపడింది. మొహం ఒక్కసారి అటు తిరిగింది, కళ్ళు చెమర్చాయి. భార్య ఏదైనా అంటే పెదవులు చూసి పట్టుకోవడమే తప్ప, ఇంకో గదిలోంచి ఆవిడ గొంతు ఆయన దాకా వచ్చి చాలా కాలమైంది.

మామగారిని షెడ్డులో అందరూ పానా మేస్త్రి అనేవాళ్ళు. నలభై ఏళ్ళు డీజిల్ ఇంజన్లు బాగుచేసిన మనిషి. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్ మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు అదిమిపట్టి, కళ్ళు మూసుకుని జబ్బేమిటో చెప్పేసేవారు. ఆ ఇంజన్లే ఆయన చెవులను కొంచెం కొంచెంగా తినేశాయి. ఆయన మాత్రం ఎవరి దగ్గరా బయటపడలేదు. నలుగురూ నవ్వితే ఒక్క క్షణం ఆలస్యంగా తానూ నవ్వేవారు. ఏమడిగినా "అవునవును" అనేవారు. అత్తగారు పక్కనే కూర్చుని ప్రతి మాటా ఆయన మొహంలోకి చూసి మళ్ళీ మెల్లగా చెప్పేవారు. ఈ వయసులో ఎంత అన్యోన్యమో అని చుట్టాలు మురిసిపోయేవాళ్ళు. చెవుడని ఒక్కరికీ తట్టలేదు.

"కాసేపు కూర్చోండి మామయ్యా, మీతో పనుంది" అంది కోడలు. అత్తగారు వంటింట్లో గిన్నెలు తోముతున్నారు. భర్త డిపోలో డ్యూటీలో ఉన్నాడు. పాప బడినుంచి రావడానికి ఇంకా గంట టైముంది. ఇంతకంటే మంచి సమయం దొరకదనుకుని ఆమె సంచీలోంచి నీలం అట్ట నోటుపుస్తకం తీసింది.

ఈ పుస్తకం సంగతి కొంచెం చెప్పాలి. కోడలు బట్టల ఫ్యాక్టరీలో తనిఖీ విభాగంలో పనిచేస్తుంది. కుట్టి వచ్చిన చొక్కాలను వెలుతురుకు పట్టి చూసి, తప్పు దొరికితే రిజిస్టరులో ఎక్కిస్తుంది. తేదీ, సమయం, తప్పేమిటి, ఎవరి చేతిది అని నాలుగు గళ్ళు. నాలుగో గడి నింపేముందు ఆ చొక్కా ఏ మిషన్ మీద కుట్టారో చీటీ చూసి, ఆ మనిషిని పిలిచి అడిగి గానీ పేరు రాయదు. పేరు రాస్తే ఒకరి నోటి దగ్గర కూడు పోతుందని ఆమెకు భయం. అలాంటి మనిషి, "మూడు నెలలు గమనించి రాసుకురండి" అని పెద్ద డాక్టరు అనగానే ఇంట్లో కూడా అవే నాలుగు గళ్ళు గీసింది. మొదటి వరుసలో నాలుగో గడిలో "మామగారు" అని రాసింది. ఆ కిందంతా డిటో గీతలే. ఇంట్లోవాళ్ళ విషయంలో చీటీ చూడాలని ఆవిడగారికి తోచలేదు.

సోమవారం పరీక్షకు ముందు, వినపడే చెవితో ఇందులో ఉన్నవి ఆయనకు ఎన్ని గుర్తున్నాయో చూద్దామని ఆమె ఉద్దేశం. సగమైనా గుర్తుంటే భర్తకు చూపించి, కేంద్రం మాట ఇంక ఎత్తొద్దని గట్టిగా అడగొచ్చు.

"ఒక్కొక్కటీ చదువుతాను. గుర్తుంటే చెప్పండి, లేకపోతే లేదనండి. సరేనా? పోయిన నెల నాలుగో తారీఖు, పొద్దున ఎనిమిది. ఉప్పు డబ్బాలో చక్కెర పోయడం."

"నేనే" అన్నారు మామగారు తడుముకోకుండా. "అరడబ్బా దాకా పోశాను."

"ఏడో తారీఖు. బీరువా తాళంచెవి ఫ్రిజ్‌లో దొరకడం."

"నేనే. పాలగిన్నెకు ఎడంపక్కన పెట్టాను."

కోడలి ప్రాణం లేచొచ్చింది. ఇంత గుర్తున్న మనిషికా పదకొండు మార్కులు! తొమ్మిదో తారీఖుది చదివింది, నేనే అన్నారు. పదో తారీఖుదీ అంతే. ఒక్కోదానికి టిక్కు పెట్టుకుంటూ హుషారుగా పేజీ తిప్పింది.

"పన్నెండో తారీఖు, పదకొండున్నర. బాత్‌రూమ్‌లో పంపు తిప్పి వదిలేయడం. కింద వాటావాళ్ళ కప్పు కారడం."

"నేనే."

టిక్కు పెట్టబోయిన పెన్ను అక్కడే ఆగిపోయింది. పన్నెండో తారీఖున మిషన్ కోసం చెవి అచ్చు తీయించుకోవడానికి ఇద్దరూ పొద్దున తొమ్మిదిన్నరకే ఇంట్లోంచి బయల్దేరారు. పదకొండున్నరకు ఆయన చెవిలో గులాబీరంగు ముద్ద పెట్టుకుని, కదిలితే అచ్చు చెడుతుందని బిగుసుకుని కూర్చున్నారు. ఎదురుగా కుర్చీలో ఆమే ఉంది. కింద వాటా ఆవిడ ఫోను చేసింది కూడా అక్కడికే. ఇంటికొచ్చి నీళ్ళన్నీ ఎత్తిపోసుకుని, పుస్తకం తీసి, అలవాటు కొద్దీ నాలుగో గడిలో డిటో గీతలు పెట్టేసింది.

"మామయ్యా, పన్నెండో తారీఖున ఆ టైముకి మీరు నా ఎదురుగా ఉన్నారు."

ఆయన కళ్ళు నేల చూశాయి. "అయితే పదకొండో తారీఖేమో."

"కాదు. పన్నెండే."

"ముసలాణ్ణి. మతిమరుపు మనిషిని. ఏదో తప్పు చెప్పుంటాను, పోనిద్దూ."

"మతిమరుపు మనిషి తాళంచెవి పాలగిన్నెకు ఏ పక్కన పెట్టాడో చెప్పడు మామయ్యా. మీకన్నీ గుర్తున్నాయి. మీరు చెయ్యనివి కూడా గుర్తున్నాయి. ఆ పంపు ఎవరు వదిలేశారు?"

మామగారు చెయ్యి చెవి వెనక్కి పోనిచ్చి, మిషన్ ఊడదీసి బల్ల మీద పెట్టేశారు. పొద్దుటినుంచి పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్న వస్తువది. ఇంక నీ మాట వినను అని చెప్పడానికి ఆయనకు అంతకంటే మార్గం తోచలేదు. కోడలు పుస్తకం మూసి, ఎదురుగా అలాగే కూర్చుంది. చివరికి ఆయనే నోరు విప్పారు. మిషన్ తీసేశాక తన గొంతు తనకు వినపడదు కనుక, మెల్లగా చెప్తున్నాననుకుంటూ ఇల్లంతా మోగేట్టు మొదలుపెట్టారు.

"మీ అత్తయ్యమ్మా. రెండేళ్ళు దాటింది. ఒకరోజు పొద్దున పొయ్యి వెలిగించి, గిన్నె చేత్తో పట్టుకుని నిలబడిపోయింది. ఇప్పుడేం చెయ్యాలండీ, అంది. ఆటపట్టిస్తోందనుకుని నవ్వాను. ఆవిడ నవ్వలేదు."

కోడలి చెయ్యి పుస్తకం మీదే ఉండిపోయింది.

"ఇంజన్ విప్పేటప్పుడు మేమేం చేస్తాం? ప్రతి ముక్క మీదా పంచ్ పెట్టి, సుత్తితో కొట్టి చుక్క వేస్తాం. ఒకటి, రెండు, మూడు. ఆ వరుసలో బిగించుకుంటూ పోతే, పని రానివాడు కూడా బిగించేస్తాడు. ఇంట్లో కూడా అలాగే వేశాను. సిలిండర్ దగ్గర ఒక చుక్క. పొయ్యికి రెండు. చక్కెర డబ్బాకు మూడు. పంపుకి నాలుగు. అడ్డగీత ఉన్నచోట కట్టెయ్యాలి. అంతే. ఆవిడకు ఒక్క వారం నేర్పాను. మళ్ళీ పని అందుకుంది."

పుస్తకం తెరవకుండానే, అందులో తను రాసిన ఒక వరుస కోడలికి కళ్ళముందు కనపడింది. "డబ్బాల మీద, పంపుల మీద సుత్తితో చుక్కలు కొడుతున్నారు. ఎందుకని అడిగితే నవ్వుతున్నారు." దాని కింద ఎర్రసిరాతో గీత కూడా కొట్టింది తనే. పెద్ద డాక్టరు అన్నిట్లోకి ఆ ఒక్క వాక్యం దగ్గరే ఆగి, పెదవి విరిచాడు. అదే ఆ ఇంట్లో అన్నిటికన్నా తెలివైన పని అని ఇప్పుడు తెలిసొచ్చి ఆమెకు సిగ్గేసింది.

ఆమెకు ఇంకొకటి గుర్తొచ్చింది. మూడు వారాల కిందట గ్యాస్ తెరిచి వదిలేసిన రోజు. పాప పక్కగదిలో నిద్రపోతోంది. భర్త ఇంటికొచ్చి వాసన పసిగట్టి, కిటికీలన్నీ తెరిచి, పిల్లను ఎత్తుకుని వీధిలోకి పరిగెత్తాడు. ఆ రోజే అతను నాన్నను పంపించేయాలని నిశ్చయించుకున్నాడు. పాపం, అతన్ని తప్పు పట్టడానికి లేదు. ఆ రోజు కూడా మామగారు నేనే అన్నారు.

దానికి సరిగ్గా నాలుగు రోజుల ముందు, అత్తగారికి తుడుచుకోవడం సులువుగా ఉంటుందని, కోడలు ఎంతో ముచ్చటపడి గాజుపలక పొయ్యి కొని తెచ్చింది. సొట్టలుపడిన పాత పొయ్యిని, అంటే చుక్కలున్న పొయ్యిని, పాత సామాన్లవాడికి ఇచ్చేసింది.

ఆమె కళ్ళు వంటింటి వైపు తిరగడం మామగారు చూశారు. చెవి పోయినవాళ్ళ కళ్ళు చురుకు.

"ఊఁ, ఆ పొయ్యే" అన్నారాయన. "గాజు మీద పంచ్ పడదమ్మాయ్, పగిలిపోతుంది. రంగుతో చుక్కలు పెట్టి చూశాను. మరకలనుకుని నువ్వు శుభ్రంగా తుడిచేశావు."

మూడు నెలలు మామగారి తప్పులన్నీ పట్టిన కోడలికి తన తప్పు ఇలా ఎదురుపడింది. ఆ రోజు పిల్లకేమైనా అయ్యుంటే అన్న ఆలోచన రాగానే ఏడుపు తన్నుకొచ్చింది, కానీ ఇప్పుడు ఏడవడానికి కూడా సిగ్గుపడి పెదవి కొరుక్కుంది.

"ఎందుకు దాచారు మామయ్యా?" అని పెదవులు స్పష్టంగా కదిపి అడిగింది.

"నాకు పదకొండు మార్కులొచ్చాయి కదా. అందరూ నన్నే అనుకుంటున్నారు. అనుకోనీ, నాకేం పోయింది? షెడ్డులో ఎన్ని తిట్లు తినలేదూ! మీ అత్తయ్య అలా కాదు. ఒకరి చేత మాట పడి ఎరగదు. ఆవిణ్ణి ఆ కుర్చీలో కూర్చోబెట్టి, ఇవాళేం వారం, ఇదేం నెల అని అడిగితే తట్టుకోలేదు." ఆయన ఒక్క క్షణం ఆగి, ఉత్సాహంగా ముందుకు వంగారు. "అయినా ఇంక బెంగలేదులే. ఆ కేంద్రంలో గది చూశాను కదా. రెండు మంచాలు, కిటికీ. ఇద్దరికీ చాలు. అక్కడ వంటపని కూడా ఉండదు. తలుపులకు వేద్దామని పంచూ సుత్తీ నా సంచీలో పెట్టేసుకున్నాను."

ఆయన ఏమనుకుంటున్నారో కోడలికి అప్పుడర్థమైంది. మూడు వారాలుగా ఆ ఇంట్లో కేంద్రం గురించి ఎన్ని మాటలు నడిచాయో! అన్నీ ఆయన ముందే నడిచాయి. ఆయన అవునవును అన్నారు. ఎవరెళ్తున్నారో, ఎవరుంటున్నారో ఆయనకు అందనేలేదు. అత్తగారు మళ్ళీ చెప్పి ఉండాలి. ఆవిడ చెప్పలేదో, చెప్పడం మరిచిపోయిందో, ఇప్పుడెవరికి తెలుసు!

ఆమె లేచి, బల్ల మీది మిషన్ తీసి, తనే ఆయన చెవికి తగిలించింది. ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది.

"మామయ్యా, ఆ రెండో మంచం అత్తయ్యకు కాదు. వేరే ఆయనకు. అక్కడ ఆడవాళ్ళకు వేరే భవనం. కాగితాల్లో ఉన్నది మీ ఒక్కరి పేరే. అత్తయ్య ఇక్కడే, మాతో ఉంటుందని మీ అబ్బాయి అనుకుంటున్నాడు."

మామగారు ఈసారి అవునవును అనలేదు. ఆయన చెయ్యి మళ్ళీ చెవి దాకా వెళ్ళింది, మిషన్ను తాకి, తియ్యకుండానే కిందికి దిగింది.

"మీరిద్దరూ పనికెళ్తే" అన్నారు నెమ్మదిగా, "పగలంతా ఆవిడ ఒక్కతే ఉంటుందా?"

"అవును."

"ఆ పొయ్యితోనా?"

ఇన్నాళ్ళూ తన మీద వేసుకున్న ప్రతి నేరమూ ఎక్కడికి దారి తీసిందో ఆయనకు అర్థమైపోయింది. కాపాడుతున్నాననుకుంటూ తన నోటితో తానే ఆవిణ్ణి ఒంటరిదాన్ని చేస్తున్నారు.

అప్పుడు గమనించింది కోడలు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది.

అత్తగారివి పాము చెవులు. పై అంతస్తులో గుండీ కింద పడినా వినపడుతుంది. ఆ సంగతి అందరికీ తెలిసి కూడా, మూడో ఇంటిదాకా వినపడే గొంతుతో ఇక్కడ రహస్యాలు మాట్లాడుకున్నారు. ఆవిడ చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చారు. మొహంలో కోపం లేదు, కన్నీళ్ళూ లేవు.

"గుసగుసలాడటం మీకు ఈ జన్మకి రాదు కదండీ" అన్నారు భర్తతో.

మామగారు దొంగతనం పట్టుబడినట్టు లేచి నిలబడ్డారు. "ఏమోయ్, అది కాదు, అమ్మాయేదో అడుగుతుంటే..."

"కూర్చోండి. మీరు చెప్పకపోయినా నాకు తెలుసు." ఆవిడ కోడలి వైపు తిరిగారు. "నా లోపల ఏం జరుగుతోందో నాకు తెలియదా అమ్మా? పొద్దున లేచాక కొంతసేపు అంతా తెల్లగా ఉంటుంది. తరవాత చుక్కలు వెతుక్కుంటాను. ఈయన అంత శ్రద్ధగా కొడుతుంటే, నాకు తెలుసని చెప్పి చిన్నబుచ్చడం ఇష్టంలేక ఊరుకున్నాను. నా తప్పులు మోస్తున్నారనీ తెలుసు. అది మాత్రం ఒక రోజు తెలిసుంటుంది, మర్నాటికి ఉండదు."

కోడలు వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుంది. చెయ్యి ఇంకా తడిగానే ఉంది.

"అత్తయ్యా, ఏం కాలేదు. ఆ కేంద్రంవాళ్ళు మామయ్యను తీసుకెళ్ళాలంటే భార్య సంతకం కావాలి. అది లేకుండా గుమ్మం కూడా ఎక్కరు. మీరు సంతకం పెట్టకండి, అంతే. పొయ్యి రేపే మార్చేస్తాను. మీ అబ్బాయితో నేను మాట్లాడతాను. సోమవారం ఇద్దరినీ నేనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను, ఇద్దరినీ కలిపే చూడమంటాను. మిమ్మల్ని విడదీయనివ్వను."

ఆ మాట అన్నాక ఆమెకే ధైర్యం వచ్చింది. మామగారు గట్టిగా ఊపిరి వదిలి మళ్ళీ కుర్చీలో కూర్చున్నారు.

అత్తగారు మాత్రం కదలకుండా నిలబడ్డారు. ఏదో వెతుక్కుంటున్నట్టు కనుబొమలు ముడిపడ్డాయి. వంటింట్లోకి వెళ్ళి, మూడు చుక్కల డబ్బా పట్టుకుని తిరిగొచ్చారు. మూత తీసి, చక్కెరలోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం పైకి లాగి, దులిపి, కోడలి చేతిలో పెట్టారు.

"పొద్దున ఇందులో దొరికింది. నేనే దాచుకునుంటాను. కింద ఉన్న సంతకం నాదే, పెట్టినట్టు మాత్రం గుర్తు రావట్లేదు. అక్షరాలు అన్నీ కలిసిపోతున్నాయి. నా లోపల ఏదో భయంగా ఉంది. ఏముందో చూడమ్మా."

కోడలు మడతలు విప్పింది. కేంద్రం ముద్ర ఉన్న కాగితం, ఇంటివాళ్ళకు ఇచ్చే నకలు. మామగారి పేరు. "నా భర్తను అప్పగించడానికి నాకు సమ్మతమే" అన్న అచ్చు వాక్యం కింద, అత్తగారి వంకర సంతకం. తేదీ నిన్నటిది. తీసుకువెళ్ళే రోజు అన్నచోట సోమవారం తరవాతి రోజేదో ఉంటుందనుకుంది. కానీ అక్కడున్నది, మాటిచ్చిన తన భర్త చేతిరాతే అది, గుండ్రంగా, పొందికగా ఉంది. శుక్రవారం, మధ్యాహ్నం మూడున్నర.

ఆమె తలెత్తి గోడ గడియారం చూసింది. మూడు ఇరవై ఎనిమిది.

"ఉండండి, ఉండండి!" అన్నారు మామగారు ఉన్నట్టుండి, వేలు పైకెత్తి. తల కిటికీ వైపు వంచి, పాత రోజుల్లోలా కళ్ళు మూసుకున్నారు. మొహం విప్పారింది. "వీధి చివర ఏదో పెద్ద బండి మలుపు తిరుగుతోంది. డీజిల్ బండి. వాల్వులు సరిగ్గా సర్దలేదు, టకటకమంటున్నాయి, విన్నారా? మీకెవరికీ వినపడలేదు కదూ! నాకే ముందు వినపడింది."

అత్తగారు కోడలి మొహంలోకే చూస్తున్నారు.

"ఆగింది. మన గుమ్మం ముందే ఆగింది" అన్నారు మామగారు, కళ్ళు తెరిచి, సంతోషంగా. "ఎవరికోసం వచ్చిందమ్మాయ్?"